పది అడిగితే పదకొండు లేచినాయి

ముందే చెప్తున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. కదిరి నరసింహస్వామి మీద ఒట్టు. నన్నెరిగినవాళ్లు ఇక్కడే నవ్వడం మొదలుపెడతారని తెలుసు. రాప్తాడులో మా టీ అంగడి దగ్గర నాకు కోతలాయన అని పేరు. చిరుతపులికి టిఫిను క్యారియరు అప్పగించి ప్రాణాలు దక్కించుకున్న కథ నాదే. అది వేరు, ఇది వేరు.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఊరందరినీ దయ్యాల కథలతో బెదరగొట్టేవాణ్ని, నాకెందుకుంటుంది? పైగా నా ఉద్యోగం కంప్యూటర్లతో. మనం రాసింది రాసినట్టు చేయడం తప్ప వాటికి ఇంకోటి తెలియదు. ఆ రోజు దాకా అలాగే అనుకున్నాను.

వజ్రకరూరు దాటి పోతే గుట్టల మీద గాలిమరలు కనిపిస్తాయి. వాటిలో కొన్నింటిని నడిపే కంపెనీలో పని చేస్తున్నాను. పేరు చెప్పను. గుట్ట కింద మాకొక చిన్న ఆఫీసు, అందులో ఎప్పుడూ ఏసీ వేసి ఉంచే గది. ఏ మర ఎంత తిరుగుతోందో, ఏది నిలిచిపోయిందో కనిపెట్టే సర్వర్లు అక్కడ ఉంటాయి. సర్వరంటే ఒక్కోటి ఒక్కో ఇనుప పెట్టె అనుకునేరు. ఇప్పుడు ఒకే పెద్ద పెట్టె లోపల, ఒక ఇంట్లో గదులు కట్టుకున్నట్టు, ఎన్ని సర్వర్లైనా కట్టుకోవచ్చు.

ఆ గదులు కట్టే మేస్త్రీ తిప్పేస్వామి. నాకంటే నాలుగేళ్లు చిన్న. ఒక్కో సర్వరు తయారు చేయడానికి అతనికి ఒకటిన్నర రోజు పట్టేది. ఒక్కో సాఫ్టువేరూ ఎక్కించడం, నోటుబుక్కులో టిక్కు కొట్టుకోవడం, అన్నీ అయ్యాక చివర పేరు పెట్టడం. పేర్లు కూడా మామూలువి కావు. రేగు, గుండు, పుట్ట, దొడ్డి, కంచె, వంక. వాళ్ల నాయన పొలంలో వేయించిన ఆరు బోర్ల పేర్లవి. రేగుచెట్టు దగ్గరిది రేగు బోరు, పెద్ద గుండు పక్కది గుండు బోరు, అలా. ఆరింటిలో ఒక్కదాంట్లోనూ చుక్క నీరు పడలేదు.

"ఎండు బోర్ల పేర్లేందప్పా, యంత్రాలు కూడా ఎండిపోతాయి" అని ఒకసారి ఎగతాళి చేశాను.

"నీళ్లెట్లా ఇయ్యకపాయ. పేర్లన్నా పనికొస్తాండాయి కదన్నా" అన్నాడు.

అన్నిటికంటే ముందు పుట్టిన రేగు రెండేళ్ల కింద మొరాయిస్తే ఆపేశాం. మిగతా ఐదూ నడుస్తూ వచ్చాయి.

పోయిన ఎండాకాలం బెంగళూరు ఆఫీసు నుంచి కొత్త పద్ధతి వచ్చింది. ఎన్ని సర్వర్లు కావాలి, వాటి పేర్లేమిటి, ఏయే సాఫ్టువేర్లు ఎక్కాలి, అంతా ఒక ఫైలులో రాసి పెట్టుకోవాలి. బటన్ నొక్కితే అవి వాటంతట అవే తయారవుతాయి. ఒకటిన్నర రోజు పని పది నిమిషాల్లో. పేర్లు కూడా ఇక గాలి ఒకటి, గాలి రెండు అనే అంకెలే. ఫైలు రాసే పని నాకు అప్పజెప్పారు. అది సరిగ్గా నడిస్తే మరుసటి నెల నుంచి తిప్పేస్వామి రానక్కర్లేదు. కాంట్రాక్టు మనిషి కాబట్టి అతనికి ఆ మాట ముఖం మీదే చెప్పారు. పాస్‌వర్డు కూడా బటన్ నొక్కే రోజుకు వారం ముందే తీసేశారు.

"యాడికి పోతావు తిప్పయ్యా?" అని అడిగాను.

"యాడికి పోయేది? ఆరు బోర్లుండే దొరని. సేద్యం చేస్తా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం ఆ మధ్యాహ్నం అన్నం దిగలేదు.

బటన్ నొక్కే రోజు మా పైఅధికారి కవితా మేడమ్, కన్నడం ఆమె, బెంగళూరు నుంచి కారులో వచ్చింది. సరిగ్గా మిట్టమధ్యాహ్నం. అంతవరకు వీచిన గాలి ఒక్కసారిగా పడిపోయింది. ఇన్నేళ్లలో గుట్ట మీది మరలన్నీ ఒకేసారి నిలిచిపోవడం నేను చూడలేదు. పొద్దస్తమానం చెవిలో ఉండే ఆ హోరు లేకపోయేసరికి, పక్కనుంచి ఎవరో లేచి వెళ్లిపోయినట్టు అనిపించింది. జీపు కింద పడుకున్న కుక్క లేచి, ఆఫీసు వాకిలి వైపు చూస్తూ నిలబడింది.

ఫైలులో పది అని రాశాను. నా చేత్తో రాశాను. గోడ మీద పెద్దగా వేసి మేడమ్‌కు చూపించాను కూడా. ఆమె పది అని పైకే చదివి, తానే బటన్ నొక్కింది.

తెర మీద ఒక్కో పేరూ పచ్చగా వెలుగుతూ వచ్చింది. గాలి ఒకటి, గాలి రెండు. పది దాకా వచ్చి ఆగింది. కింద మొత్తం పదకొండు అని ఉంది.

జాబితా ముందు లేచినది పైన, వెనక లేచినది కింద వచ్చేలా పెట్టుకున్నాం. గాలి ఒకటి పైన ఇంకో పేరుంది. ఇంగ్లీషు అక్షరాల్లో, మోదుగు అని. పక్కన అది లేచిన సమయం ఉంది. మేడమ్ బటన్ నొక్కడానికి ఐదు నిమిషాల ముందు.

"ఏమ్రీ, ఇది ఎవరిది?" అంది మేడమ్.

నేను నోరు తెరిచేలోపు వాకిట్లో నిలబడి ఉన్న తిప్పేస్వామి గోడ పట్టుకుని మెల్లగా కింద కూర్చున్నాడు.

"ఆ పేరు నీకెవరు చెప్పినారన్నా?" అన్నాడు.

ఎవరూ చెప్పలేదన్నాను. అప్పుడు చెప్పాడు. ఆరు బోర్లు ఎండాక వాళ్ల నాయన ఒంటరిగా, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగాడట. నీళ్లున్న చోట కాయ లేచి నిలబడుతుందని ఇక్కడ నమ్మకం. మోదుగుచెట్టు దగ్గర నిలబడిందట. ఆ వారంలోనే ఆయన మంచాన పడ్డాడు. పోయేముందు కొడుకును దగ్గరకు పిలిచి, మోదుగు బోరు వేయించు నాయనా, అన్నాడట. ఆ బోరు వేయలేదు. ఆ చెట్టూ ఇప్పుడు లేదు. ఆ మాట పెండ్లాంతో కూడా చెప్పలేదన్నాడు తిప్పేస్వామి.

మేడమ్ అన్నిటినీ తీసేయించి మళ్లీ నొక్కింది. మళ్లీ పదకొండు. మళ్లీ అన్నిటికంటే ముందు మోదుగు, బటన్ నొక్కకముందే లేచి కూర్చుని. బెంగళూరు నుంచి ఇద్దరు ఇంజనీర్లు వచ్చి రెండు రోజులు వెతికారు. వాళ్లకిచ్చిన ఫైలులో పదే ఉంది. తల గోక్కుంటూ వెళ్లిపోయారు.

చివరికి మేడమ్ ఒక ఉత్తర్వు ఇచ్చింది. బటన్‌తో ఎన్ని సర్వర్లు తయారైనా, మనిషి ఒక్కోదాన్నీ చేత్తో పరీక్షించి టిక్కు కొట్టాకే పనిలోకి దించాలి. ఆ మనిషి తిప్పేస్వామి. పాస్‌వర్డు తిరిగిచ్చారు. నోటుబుక్కు మళ్లీ బల్ల మీదికి వచ్చింది.

మోదుగును తీసేయడానికి ఎవరికీ చేతులు రాలేదు. దానికి ఏ పనీ అప్పగించలేదు. ఊరికే నడుస్తూ ఉంటుంది. తిప్పేస్వామి రోజూ పొద్దున వచ్చి ముందు దాన్నే చూస్తాడు. ఆ చోట బోరు వేయించరాదా అంటే, "వద్దులేన్నా. అది గూడా ఎండిందంటే నాయన మాట ఏమైపోవల్ల?" అన్నాడు.

ఇంతవరకు చెప్పిందాంట్లో ఒకటే కల్పించాను. ఎక్కడంటే, పది అని రాశానన్న చోట.

పదకొండు అని రాశాను. ఫైళ్లు రెండు చేశాను. మేడమ్‌కు, ఇంజనీర్లకు చూపించిన ఫైలులో పది. బటన్‌కు తగిలించినదాంట్లో పదకొండు. తిప్పేస్వామిని పంపించే పని నా చేత్తో చేయలేక, అందరినీ కొంచెం బెదరగొడదామనుకున్నాను. నాకు వచ్చిన విద్య అదొక్కటే కదా. ఇది చదివితే తిప్పేస్వామికి ఇప్పుడు తెలుస్తుంది. మేడమ్‌కు తెలుగు చదవడం రాదు.

అయితే పదకొండోదానికి నేను పెట్టిన పేరు రేగు. ఆపేసిన పాత సర్వరు తిరిగొచ్చిందని భయపడతారని. మోదుగు అనే మాట ఆ రోజు దాకా నేను వినలేదు. బటన్ నొక్కకముందే ఏదీ లేచేలా చేసే తెలివీ నాకు లేదు. పదకొండు రాసిన ఫైలున్న పెన్‌డ్రైవును రెండోసారి నొక్కడం అవగానే తీసి జేబులో వేసుకున్నాను, ఇప్పటికీ నా దగ్గరే ఉంది. నిన్న కూడా తెరిచి చూశాను. అందులో రేగు అనే ఉంది.

ఒట్టు వేయమంటారేమో. ఉన్న ఒక్క ఒట్టూ మొదటి వరుసలోనే వాడేశాను.