లెన్సుకు పళ్ళపొడి

మా చర్చి సంఘంలో ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధనకు, వాడే గిన్నెలు తోమే పని నాది. ముందు చింతపండు, తర్వాత జల్లించిన ఇటుకపొడి, ఆఖర్న పళ్ళపొడి వేసి పాత పంచె గుడ్డతో రుద్దితే గిన్నెలో మొహం కనిపించేది. బల్ల ఆదివారం అందరూ తలవంచి ప్రార్థన చేస్తుంటే, నేను ఒక కన్ను తెరిచి ఆ మెరుపు చూసుకునేదాన్ని. గురువారం స్త్రీల కూటంలో వాక్యం చెప్పేదీ నేనే. గిన్నెను పైపైన కడిగి లోపలి మురికి వదిలేసేవాళ్ళ గురించి చెబితే, వినేవాళ్ళు కొంగుతో కళ్ళు తుడుచుకునేవారు. నేను మాత్రం తుడుచుకున్న గుర్తు లేదు.

ఎనభైల్లో మేం చిలకలూరిపేటలో ఉండేవాళ్ళం. మావారు నూలుమిల్లులో పనిచేసేవారు. మా అత్తగారు ఎన్నో ఏళ్ళుగా విశ్వాసి అయినా బాప్తిస్మం తీసుకోలేదు. నమ్మకం చాలక కాదు, నీళ్ళ భయం. మా సంఘంలో కాలువలో నిండా ముంచుతారు. ఆవిడ చిన్నప్పుడు వాగులో కొట్టుకుపోయి బతికిందట. అప్పట్నుంచి మోకాలి లోతంటేనే వణుకు. అద్దంకి దగ్గరుండే వాళ్ళన్నయ్యకు దీని మీద ఆవిణ్ణి ఏడిపించడం సరదా. నువ్వు నీళ్ళలో దిగినరోజు ఫొటో చూపించు, అప్పుడు నమ్ముతా అనేవాడు. ఆ ఏడు ఆయన కాలు విరిగి మంచాన పడ్డాడు. ఏమనుకుందో ఏమో, అత్తగారు ఈసారి దిగుతానంది. అన్నయ్యకు చూపించడానికి ఫొటో మాత్రం తీయాలంది.

మావారికి వాళ్ళ నాన్న వదిలిపోయిన పాత కెమెరా ఒకటి ఉంది. ముందురోజు తీసి చూస్తే లెన్సులో సాలెగూడులా తెల్లటి బూజు. మావారు మిల్లుకెళ్ళారు. ఇంట్లో నేనున్నాను, పళ్ళపొడి ఉంది. ఇటుకపొడి వాడనందుకు నా తెలివిని నేనే మెచ్చుకున్నాను. పళ్ళపొడిని పల్చటి గుడ్డలో జల్లించి, తడిచేసి, ప్రార్థన చేసుకుని మరీ రుద్దాను. బూజు పోలేదు. ఇంకా గట్టిగా రుద్దాను. బూజు ఉన్నది లోపలి వైపు, నేను తోముతున్నది బయటి వైపు అని, కూటంలో అంత బాగా చెప్పే నాకు తట్టనే లేదు. చివరికి అద్దం పాలరంగుకు తిరిగింది. గిన్నెలైతే తెల్లబడాలి కదా, సంతోషించాను.

మర్నాడు అత్తగారు పాస్టరు అయ్యగారి చేతిని రెండు చేతులా పట్టుకుని కాలువలో దిగింది. మావారు గట్టు మీంచి కెమెరా పైన లెన్సుతో సంబంధం లేకుండా విడిగా ఉండే చిన్న కిటికీలోంచి చూశారు. అందులో అంతా బాగానే కనిపించిందట. మునిగి లేచిన అత్తగారు, మొహాన నీళ్ళు కారుతుంటే, ముందు కెమెరా వైపే చూసింది.

గుంటూరు బ్రాడీపేటలో కడిగించిన ఫొటోలో అంతా పొగమంచు, నడుమ ఒక తెల్లటి ముద్ద. మావారు లెన్సును వెలుతురుకు పట్టి చూశారు. తర్వాత నన్ను చూశారు. తర్వాత పళ్ళపొడి డబ్బాను చూశారు.

"నన్ను కాలువలో ముంచారా అమ్మాయ్, జిన్నింగు మిల్లు దూదిలో ముంచారా?" అంది అత్తగారు. నవ్వలేదు.

బాప్తిస్మం ఒక్కసారే. అయినా సిగ్గు విడిచి అయ్యగారి దగ్గరికి వెళ్ళి, ఊరికే ఫొటో కోసం ఇంకోసారి ముంచుతారా అని అడిగాను. కూటంలో వాక్యం చెప్పేది మీరేనా అని మాత్రం అడిగారాయన.

చివరికి ఆ ఫొటోనే పట్టుకుని అత్తగారూ నేనూ అద్దంకి బస్సెక్కాం. వాళ్ళన్నయ్య మంచంలో పడుకునే దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఇందులో నువ్వెక్కడున్నావే?"

"ఆ తెల్లగా ఉన్నది నేనే."

"ఇది ఎవరైనా కావచ్చు. నువ్వు మాత్రం కాదు. నువ్వు నీళ్ళలో దిగవు."

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. పళ్ళపొడి సంగతి చెప్పబోతుంటే అత్తగారు నన్ను ఆపింది.

"నమ్మకపోతే మానెయ్. కాలు బాగయ్యాక కాలువ దగ్గరికి రా అన్నయ్యా. నీ ముందే మెడలోతుకి దిగుతా. ఎవరి చెయ్యీ పట్టుకోను."

ఆయన ఫొటో మీంచి చూపు తిప్పి చెల్లెలి మొహంలోకి చూశాడు.

"అక్కర్లేదులే. దిగనిదానివైతే ఆ మాట నీ నోట రాదు," అని, ఆ పొగమంచు ఫొటోను తలగడ కింద పెట్టుకున్నాడు.