పంక్చరు తొట్టిలో తాబేలు

పంక్చరు షాపాయన్ని వీధంతా గాలాయన అంటారు. చీమ కుట్టినంత కన్నమైనా సరే, ట్యూబుని తొట్టినీళ్ళలో ముంచి, బుడగ చూసి పట్టేసే రకం.

ఓ వానరోజు లారీ చక్రం కింద పడబోతున్న తాబేలు ఆయనకి దొరికింది. తెచ్చి తొట్టిలో వేశాడో లేదో, బుడబుడా బుడగలు. గాలాయన చటుక్కున దాన్ని పైకి తీశాడు. దీనికెక్కడో కన్నం పడింది, ఇలాగే వాగులో వదిలితే గాలంతా పోయి మునిగి చస్తుంది! డిప్ప తిప్పి తిప్పి వెతికినా కన్నం కనపడదే. అతుకెక్కడ వెయ్యాలో తెలీక జుట్టు పీక్కున్నాడు, ఉన్నవే నాలుగు వెంట్రుకలు.

పక్క షాపు మంగలి బావని పొద్దున అడిగితే వదిలెయ్యమన్నాడు, సాయంత్రం అడిగితే కాకులు పొడిచేస్తాయి ఉంచుకోమన్నాడు. ఆయనది కుర్చీలో ఎవరు కూర్చుంటే వాళ్ళ మాట.

దాన్ని వదలకపోవడానికి అసలు గుట్టు వేరే. గాలాయన నోటిదూల కొద్దీ బావమరిది ముందు, మీ అక్క గురకకి లారీలు పక్కకి తప్పుకుంటాయన్నాడు. అంతే, ఇంట్లో పెళ్ళాం మాటలు బంద్. కంచం టప్పున పడేసి పోవడమే. ఇంట్లో గోడలకైనా నోరొచ్చేదేమో గానీ ఆవిడకి రాలేదు. అలాంటిది తాబేలొచ్చాక రోజూ షాపుకొచ్చి, ఆకు వేశారా అని, నీళ్ళు జిగురు కంపు కొడుతున్నాయని, ఒకటే వాగుడు. అంతా దాని గురించే అనుకోండి. అయినా మాట మాటే కదా. అది పోతే ఇల్లు మళ్ళీ మూగదైపోతుందని ఈయన బెంగ.

ఓ రోజు ఆవిడ సూటిగా అడిగేసింది.

"ఎప్పుడు వదులుతారు దాన్ని?"

"లీకుంది కదే."

"మీ ముక్కు ముంచినా వస్తాయి బుడగలు. ఊపిరండీ అది. రోజంతా తొట్టి ఎక్కుతోంది, జారుతోంది. చూడలేకపోతున్నా."

గాలాయనకి ముందు నుయ్యి వెనక గొయ్యి. వదిలితే పెళ్ళాం మాటలు పోతాయి, ఉంచితే పెళ్ళాం మాట కాదన్నట్టు. చివరికి తాబేలుని బకెట్లో వేసుకుని, ఇద్దరూ ఊరవతల వాగుకి నడిచారు. గట్టున పెట్టాడు. అది ఇటు చూసింది, అటు చూసింది, కాసేపు రాయిలా కూర్చుంది. ఈయన మళ్ళీ తీసేద్దామా అని చెయ్యి చాపేలోపు గబుక్కున నీళ్ళలోకి పోయింది. మంచి జరిగిందో చెడు జరిగిందో ఆయనకి అంతు పట్టలేదు.

ఖాళీ బకెట్టుతో తిరుగుముఖం పట్టారు. సగం దారిదాకా ఒక్క ముక్క లేదు. అయిపోయింది నా పని అనుకున్నాడు.

"రాత్రికి ఏం వండను?" అందావిడ, రోడ్డు వంక చూస్తూనే.

గాలాయన తెల్లమొహం వేశాడు. "ఎవరికి?"

"మీకే."

ఆవిడ అలా అడిగి ఎన్నాళ్ళయిందో, తనేం తింటాడో ఆయనకి ఒక్కటీ గుర్తు రాలేదు.