మంచులో పేరు పెట్టి పిలిచిన అక్కగారు

అక్కగారు పోయారని పెంటపాడులోని వాళ్లింటి నుంచి ఫోన్ వచ్చేసరికి మేం ముదినేపల్లి దగ్గర, కొత్త వరి వంగడాలు పరీక్షించే మళ్లలో ఉన్నాం. కొల్లేటి మీంచి వచ్చిన మంచు ఇంకా విడలేదు. ఫోన్ రావడానికి కాసేపటి ముందే గట్టు అవతల నుంచి ఆవిడ గొంతు నన్ను పేరుతో పిలిచింది. "ఉన్నానండీ" అని పలికాను. పక్క మడిలోంచి ఇంకొకావిడ కూడా తన పేరుకు పలికింది. అక్కగారు ఆవేళ సెలవులో ఉన్నారన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

ఆవిడ మా విత్తనాల కంపెనీలో సీనియర్ క్రాప్ టెక్నీషియన్. పిలకలు లెక్కపెట్టడం, పైరుకు దోమ పట్టిందేమో దుబ్బు దుబ్బూ వంచి చూడడం మా పని. మంచు దిగితే ఆవిడ అన్నీ ఆపి ఒక్కొక్కరినీ పిలిచేవారు, పలికేదాకా వదిలేవారు కారు. "మనిషి కనపడకపోయినా పర్లేదమ్మా, వినపడాలి" అనేవారు. కొల్లేటి మంచులో నడిచినవారికి ఆ మాట అర్థమవుతుంది.

ఒక ఏడు సార్వా పంట కోతల ముందు నేను పలకలేదు. రక్తపింజరి మడమ మీద కాటేసింది. కళ్లు తిరిగి దుబ్బుల మధ్య పడిపోయాను. ఎటు చూసినా తెలుపే. అందులోంచి ఆవిడ చెయ్యి వచ్చి నా భుజం పట్టుకోవడం ఒక్కటే గుర్తు. ఎలా కనుక్కున్నారని తరవాత అడిగాను.

"నువ్వే పిలిచావు కదమ్మా" అన్నారు.

ఆవేళ పడ్డాక నేను నోరే విప్పలేదు.

ఏలూరు ఆస్పత్రిలో మా కంపెనీ మేనేజరుగారు మా నాన్నగారితో, కాంట్రాక్టు వాళ్లకు వైద్య బీమా లేదండీ అని మెల్లగా చెప్పారు. అక్కగారు విన్నారు. మర్నాటి నుంచి మడిలోకి దిగలేదు. ఆవిణ్ణి చూసి మిగతావాళ్లూ గట్టు మీదే కూర్చున్నారు.

"మిమ్మల్ని పర్మనెంట్ చేస్తామండీ. బీమా, పీఎఫ్ అన్నీ వస్తాయి. వాళ్లకు కాస్త నచ్చజెప్పండి" అన్నారు మేనేజరుగారు.

"పాము, నువ్వు పర్మనెంటా కాంట్రాక్టా అని అడిగి కరవదు కదండీ. ఇస్తే అందరికీ ఇవ్వండి. లేదంటే నేనూ ఇలాగే ఉంటాను" అన్నారావిడ.

గింజ ముదిరిపోతోంది. కోతకు ముందు మేం తీయాల్సిన లెక్కలు తప్పిపోతే కంపెనీకి పంటకాలమంతా వృథా. చివరికి అందరికీ బీమా, పీఎఫ్, జీతంతో సెలవులు ఇచ్చారు. తరవాత నా కాన్పుకు ఆ బీమాయే అక్కరకొచ్చింది. ఆవిడ మాత్రం ఒక్క సెలవూ వాడుకోలేదు. "ఉన్నాయన్న ధైర్యం చాలమ్మా" అనేవారు. పోయే ముందురోజు నీరసంగా ఉందని, మర్నాటికి మొదటిసారి సెలవు పెట్టారు. ఆ మర్నాడు తెల్లారకముందే నిద్రలో పోయారట. మేం మంచులో పలికినప్పటికి ఆవిడ లేరు.

పెద్దకర్మ అయ్యాక మళ్లీ పొలానికి వెళ్లాం. ఎండ కాస్తోంది. గాలి లేదు. ఆవిడ చూసుకునే మడిలో ఒక వరస వెంట వెన్నులు, ఎవరో వంచి చూస్తున్నట్టు, మెల్లగా పక్కకు వంగుతూ, లేస్తూ, అవతలి గట్టు దాకా వెళ్లాయి. గట్టు మీది కొంగలు ఒక్కటీ ఎగరలేదు. మెడలు తిప్పి, ఆ కదలిక వెంటే చూస్తున్నాయి.