ఒక్కొక్కటి మామయ్య, మేనకోడలి దద్దుర్లు

మామయ్య ఒకే రోజున రెండు మార్పులు చేయగా చూసినవాళ్లు లేరు. కొత్త చొక్కా తొడిగిన రోజున పాత చెప్పులే. కొత్త చెప్పులు వేసుకున్న రోజున రోజూ నడిచే దారే. మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే దుకాణం ఆయనది. పాడైన మిక్సీలో ఒక్క భాగం మార్చి, తిప్పి చూసి, అప్పుడు గానీ రెండోదాని మీద చెయ్యి వెయ్యడు. "రెండూ ఒకేసారి మార్చామనుకో, రోగం దేంట్లో ఉందో దేవుడు కూడా చెప్పలేడు" అంటాడు. చుట్టాలందరూ ఆయనకు ఒక్కొక్కటి మామయ్య అని పేరు పెట్టేశారు.

పెళ్లినాడు కొత్త చెప్పులు వేసుకోనని మొండికేశాడట. "భార్య కొత్తది కదా, ఇవాళ్టికి అది చాలు. రేపు ఏదైనా తేడా వస్తే భార్య వల్లో, చెప్పుల వల్లో ఎలా తెలుస్తుంది?" అన్నాడట. అత్తయ్య ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు.

ఇల్లు మారడానికి నెలన్నర పట్టింది ఆయనకు. రోజుకొక సామాను. మొదటి రోజు కుర్చీ మోసుకెళ్లి, కొత్త ఇంట్లో దాని మీద సాయంత్రం దాకా కూర్చుని, "కుర్చీ బాగానే ఉంది" అని పాత ఇంటికి తిరిగొచ్చాడు.

మేనకోడలు సరిగ్గా దీనికి తలకిందులు. పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో ఉద్యోగం వచ్చిందని తెలియగానే, స్నేహితురాళ్లు చెప్పిన నాలుగు క్రీములు, ఒక కొత్త సబ్బు, ఒక ఫేస్‌ప్యాక్ ఒకే సాయంత్రం మొహానికి పట్టించింది. ఆ సంతోషంలో స్వీటు డబ్బా ఒకటి ఖాళీ చేసింది. మర్నాడు పొద్దున అద్దంలో చూసుకుంటే కళ్లు కనబడలేదు. చెంపలు, మెడ, అంతా ఎర్రటి దద్దుర్లు. వచ్చేవాళ్లను నవ్వుతూ పలకరించడమే ఆ ఉద్యోగం. చేరడానికి పన్నెండు రోజులే ఉన్నాయి. దుప్పటి ముసుగేసుకుని ఏడ్చింది పాపం.

చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి మామయ్యే తీసుకెళ్లాడు. ఆవిడ మాత్రలు రాసి, "క్రీములన్నీ పక్కన పెట్టేయండి. చల్లటి నీళ్లతో కడుక్కుని, వాసన లేని ఈ ఆయింట్‌మెంట్ ఒక్కటే రాయండి. తిండి సాదాగా మొదలుపెట్టి ఒక్కొక్కటే కలుపుకుంటూ రండి" అంది.

మామయ్య కుర్చీలోంచి లేచి నిలబడి దణ్ణం పెట్టాడు.

"తల్లీ! ముప్ఫై ఏళ్లుగా నేను మొత్తుకుంటున్నది ఇదే. నన్ను పిచ్చాడంటున్నారు."

"మీరూ డాక్టరా?"

"మిక్సీలకమ్మా."

ఆ సాయంత్రమే సంచీ సర్దుకుని అక్కగారింటికి దిగిపోయాడు. వంటగది ఆయన చేతుల్లోకి వెళ్లిపోయింది. మొదటి రోజు అన్నం, ఉడికించిన సొరకాయ.

"మామయ్యా, ఉప్పేది?"

"రేపు."

"పోనీ, రేపు ఉప్పూ, కాస్త మిరియాల పొడీ..."

"రేపు ఉప్పు."

మొహం కడిగితే తువ్వాలుతో రుద్దనిచ్చేవాడు కాదు, అద్దుకోమనేవాడు. దురద పుట్టి ఆమె చెయ్యి అర అంగుళం పైకి లేచిందో లేదో, ఎదురుగా కూర్చున్న మామయ్య "చెయ్యీ!" అని ఒక్క కేక. దురద ఉన్నచోట తడిగుడ్డ పెట్టేవాడు. ఐదు రోజులకు కళ్లు తెరుచుకున్నాయి, చెంపల ఎరుపు తగ్గింది.

ఆరో రోజు కోడిగుడ్డు పెట్టారు. గంటలో మెడ మీద మళ్లీ దద్దుర్లు. మేనకోడలు మళ్లీ దుప్పటి ముసుగేసుకుంది. డాక్టరమ్మకు ఫోన్ చేసి, ఆవిడ చెప్పిన మాత్ర వేసి, మామయ్య విచారణ మొదలుపెట్టాడు.

"అక్కా, నిజం చెప్పు. గుడ్డు కాక ఇంకేం పెట్టావు?"

"నేనేం పెట్టాన్రా?"

"అక్కా!"

"పిల్ల నీరసించిపోయిందని... సొరకాయలో రెండు చెంచాల జీడిపప్పు పొడి కలిపాను. బలమే కదరా!"

మామయ్య నెత్తి పట్టుకుని కూలబడ్డాడు. "ఒకే రోజున రెండా! ఇప్పుడు దొంగ గుడ్డో, జీడిపప్పో ఎలా తేల్చనే?"

డాక్టరమ్మ రమ్మంది. ఉద్యోగం వచ్చిన రోజు తిన్న స్వీట్లలో కూడా జీడిపప్పే ఉందని విని, దాని సంగతి తన దగ్గరే పరీక్ష చేసి చూస్తానని, ఇంట్లో ప్రయోగాలు వద్దని గట్టిగా చెప్పింది. రెండు రోజులాగి ఆవిడ ఎదురుగానే గుడ్డు తినిపించారు. ఏమీ కాలేదు. గుడ్డు నిర్దోషిగా బయటపడింది. అక్కను మాత్రం వంటగది గడప తొక్కనివ్వలేదు.

ఉద్యోగంలో చేరే రోజుకు మొహం తేటపడింది. ఎడమ చెంప మీద చిన్న మచ్చ ఒక్కటే మిగిలింది. దాని మీద పౌడరు వేస్తానంటే మామయ్య ఒప్పుకోలేదు. కొత్త డ్రెస్ బీరువాలోంచి తీస్తే మళ్లీ లోపల పెట్టించాడు.

"ఉద్యోగం కొత్తది. ఇవాళ్టికి అది చాలు."

మేనకోడలు రుసరుసలాడుతూ పాత డ్రెస్ వేసుకుంది. భర్తను ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చిన అత్తయ్య గుమ్మం దగ్గర నవ్వుతూ నిలబడింది.

"ఈయనతో ఎలా వేగుతున్నావత్తయ్యా? అన్నీ ఒక్కొక్కటే!"

"అదే నాకూ అర్థం కాలేదమ్మాయ్. దిండు మారితే నిద్రపోని మనిషి. గ్లాసు మారితే ఆ పూట కాఫీ మానేసే మనిషి. ఆ రోజు దుకాణానికి తాళం వేసి, సంచీ పట్టుకుని బయలుదేరాడు. ఇక్కడ మంచం కొత్తది, తిండి కొత్తది, నీతోపాటు ఆ చప్పిడి సొరకాయే తిన్నాడటగా? ఇన్ని ఒక్కసారే మారుస్తున్నారేంటని ఫోన్‌లో అడిగాను."

"ఏమన్నాడు?"

"'అవన్నీ కలిపి ఒకటేనే. పిల్ల కోసం' అన్నాడు."

మేనకోడలు గబగబా గడప దాటింది. వాకిట్లో ఆమె గొడుగు తెరిచి, మూసి, పనిచేస్తోందో లేదో చూస్తున్న మామయ్య దగ్గరికి వెళ్లి, చిన్నప్పటి తర్వాత మొదటిసారిగా గట్టిగా వాటేసుకుంది.

"ఇదేంటే కొత్త అలవాటు! ఇవాళ్టికి ఉద్యోగం ఒక్కటే కొత్తది అన్నానా లేదా?" అని కసిరాడు మామయ్య. కానీ వదిలించుకోలేదు.