ఊరి పేరు దగ్గర రెండు దెబ్బలు

సెల్‌ఫోన్లలో ర్యాప్ పాటలు కొత్తగా వినపడుతున్న రోజులవి. ఖమ్మంలో బాలుర హోంకు వారానికోసారి వెళ్లి పిల్లలతో అలాంటి పాటలు రాయించేవాణ్ణి. ముందు పేరు, తర్వాత ఊరు చెప్పుకుని పాట ఎత్తుకోవాలని నేర్పాను. ఏన్కూరు పిల్లవాడైతే తన ఊరి పేరును పైన రేకులు అదిరేలా అరిచేవాడు.

భద్రాచలం బస్టాండులో దొంగతనం చేస్తూ దొరికి అక్కడికి వచ్చిన పిల్లవాడు మాత్రం ఊరు రావాల్సిన చోట అరచేత్తో ఛాతీ మీద రెండు దెబ్బలు కొట్టేవాడు. తాళం తప్పేది కాదు.

"ఏదో ఒక ఊరు చెప్పరాదురా" అన్నాను ఒకరోజు విసుగ్గా.

"మా అన్న దళంల కలిసిండు సార్. మా ఊరు చెప్తే పోలీసులు అమ్మను పట్కపోతరు. ఇంకో ఊరు చెప్తే ఆ ఊరోళ్లను కొడతరు."

హోం వార్షికోత్సవం నాడు మఫ్టీలో వచ్చిన పోలీసాయన ముందు వరుసలో కూర్చున్నాడు. వాడి వంతు రాగానే పేరు, రెండు దెబ్బలు. ఆయన చెయ్యెత్తి పాట ఆపించాడు.

"ఊరు మింగుతున్నవేందిరా? మళ్ల పాడు."

మళ్లీ పేరు, మళ్లీ రెండు దెబ్బలు. ఆయన కుర్చీలోంచి లేచాడు.

అప్పుడు ఏన్కూరు పిల్లవాడు ముందుకొచ్చి తన పేరు చెప్పి, ఊరి దగ్గర ఛాతీ మీద రెండు కొట్టాడు. పక్కవాడూ అంతే. వరుస చివరిదాకా ఒక్క ఊరూ వినపడలేదు.

"ఏంది సారూ ఇది?" పోలీసాయన నావైపు తిరిగాడు.

"ఈ పాట గిట్లనే ఉంటది సార్" అన్నాను.

పాట మళ్లీ మొదలైంది. అందరి ఛాతీలూ మోగుతుంటే, ఆ దెబ్బలు మొదలుపెట్టినవాడొక్కడే చేతులు కిందికి వదిలేసి నిలబడ్డాడు.