తెగని కుట్టు

నా చిన్నప్పుడు రాయగడలో మా ఇంటివాళ్లు నాగావళి రేవులో బట్టలు ఉతికేవాళ్లు. ఊరి అంచున ఉన్న ఒక కార్ఖానా కాలనీ బట్టలన్నీ మాకే పడేవి. ఆ కార్ఖానా పేరు రాయను. అది ఇప్పుడు లేదు, ఉన్నా రాయను. అమ్మా నాన్నా తెల్లారేసరికి రేవుకు పోయేవాళ్లు. మా మామ్మ ఇంటి దగ్గర ఇస్త్రీ చేసేది. నేను ఆవిడ వెనక మూటలు మోసేదాన్ని. నాకు అక్షరాలు వచ్చింది యాభయ్యో ఏట. అప్పటిదాకా నాకు తెలిసిన రాతంతా జీడిగుర్తులే.

నల్లజీడి గింజను సూదితో గుచ్చితే నల్లటి పాలు కారతాయి. ఆ సూదిమొనతో బట్ట అంచున ఏ ఇంటిదో తెలిసే గుర్తు పెట్టి, పైన తడి సున్నం అద్దాలి. సున్నం పడితే ఆ గుర్తు బట్ట చిరిగేదాకా పోదు, ఒంటికి ఏమీ చెయ్యదు. సున్నం పడకపోతే అది ఒళ్లు కాలుస్తుంది. మా ఇళ్లలో నడక వచ్చిన పిల్లకు ముందు నేర్పేది ఇదే.

మా చిన్నాన్న ఆ కార్ఖానాలో పని చేసేవాడు. పని అనేది పేరుకే. ఆయన్ను తీసుకున్నది బంతాట కోసం. కార్ఖానాకు ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండేది. అప్పట్లో రాయగడ కూడా కోరాపుట్ జిల్లాలోదే, వానాకాలమంతా జిల్లాలో జట్లకు పోటీలు జరిగేవి. ఆ ఏడాది కప్పు తెస్తే టెంపరరీగా ఉన్న ఆటగాళ్లను పర్మనెంటు చేస్తామని, క్వార్టరు ఇస్తామని మేనేజరు అందరి ముందూ చెప్పాడు. క్వార్టరు వస్తే చిన్నాన్నకు పెళ్లి. మామ్మ పిల్లను కూడా చూసి ఉంచింది.

ఆ వానాకాలం మా జట్టు ఓడింది లేదు. జేకేపూర్ వాళ్లను వాళ్ల గ్రౌండులోనే కొట్టి వచ్చారు. సగం గోల్స్ చిన్నాన్నవే. ఆయన బంతితో పరుగెడితే కాలనీ ఆడవాళ్లు కూడా వంట వదిలి వచ్చి కంచె దగ్గర నిలబడేవాళ్లు. ఎర్ర జెర్సీలు ఉతికేది మేమే కాబట్టి నాకు ఆ జట్టంతా మా సొంతంలా ఉండేది. ప్రతి ఆటకు ముందు మామ్మ ఒక్కొక్క జెర్సీని నాలుగు మడతలు పెట్టి ఇస్త్రీ చేసి, లారీ కుదుపులకు మడత చెదరకుండా మధ్యలో తెల్లదారంతో ఒక్క కుట్టు వేసేది. తొడుక్కునేవాడు ఆ దారం తెంపుకోవాల్సిందే. అలా కుట్టి ఇవ్వడం ఆ చుట్టుపక్కల ఇంకెవరూ చేసేవాళ్లు కారు.

సెమీఫైనల్ కోరాపుట్‌లో. పన్నెండు జెర్సీలు కట్టి ఇచ్చాం. లారీ లక్ష్మీపూర్ కొండ ఘాటీ ఎక్కేదాకా పిల్లలందరం దాని వెనక పరిగెత్తినట్టే ఉంది నాకు, నిజానికి గేటు దాటలేదు.

ఓడిపోయి వచ్చారు. ఒక్క గోలు తేడా. చిన్నాన్న ఇంటికి వచ్చి గోడకు చేరబడి కూర్చున్నాడు. తర్వాత మామ్మ గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. జట్టు కెప్టెను ఆయన్ను గ్రౌండులోకి దింపనే లేదు. ఆయన చోట తన బావమరిదిని ఆడించాడు. ఆ బావమరిది ఖాళీ గోలు ముందు బురదలో జారి బంతిని మబ్బుల్లోకి కొట్టాడు. చిన్నాన్న ఆటంతా లారీ పక్కన గొడుగు పట్టుకుని నిలబడి చూశాడు.

అంతవరకే అయితే నేను ఇవాళ ఇది రాసేదాన్ని కాదు. ఓడిపోవడం ఆటలో ఉన్నదే. కానీ ఆ కెప్టెను తిరిగొచ్చి మేనేజరుతో ఇంకొకటి చెప్పాడు. సగం ఆట అయ్యాక చాకలోడిని దింపాను సార్, వాడు తాగి వచ్చి స్తంభంలా నిలబడ్డాడు, వాడి వల్లే పోయింది అన్నాడట. మేనేజరు ఆ ఆటకు వెళ్లలేదు. మిగతా ఆటగాళ్లంతా ఆ కెప్టెను కింద పనిచేసేవాళ్లే, కార్ఖానాలో వాళ్లకు ఫోర్‌మేన్ అతనే. ఒక్కడూ నోరు విప్పలేదు. చిన్నాన్నను పనిలోకి రావద్దన్నారు. బావమరిదిని పర్మనెంటు చేశారు. ఓడిన జట్టులో ఒక్కడికి ఉద్యోగం ఖాయమైంది, చూడండి.

నాకప్పుడు పదేళ్లు. పదేళ్ల పిల్లకు పగ ఉండదని ఎవరన్నా అంటే వాళ్లకు పిల్లలు తెలియదు. నాకు అన్నం దిగలేదు.

ఆ ఓటమి జెర్సీల మూట మా ఇంటికే వచ్చింది. మామ్మ దాన్ని విప్పి ఒకసారి చూసి, మళ్లీ కట్టేసి మూలన పెట్టింది. ఉతకలేదు. రేవుకూ పంపలేదు. ముట్టుకోవద్దంది. నేను అడిగాను, ఆ కెప్టెన్ని ఏమీ చెయ్యవా అని. "శనోరం దాకా ఊరుకో అమ్మీ" అంది, అంతే. నాకు అర్థం కాలేదు. మామ్మ భయపడిందనుకున్నాను. పెద్దవాళ్లంతా ఇంతే, కాలనీ బట్టలు పోతాయని నోరు మూసుకుంటారు అనుకున్నాను. ఆవిడ మీద కూడా నాకు కోపం వచ్చింది.

ఆ కెప్టెను ఇంటి బట్టలు కూడా మా దగ్గరికే వచ్చేవి మరి. బుధవారం ఎండలో ఆరి వచ్చిన తెల్లచొక్కాలు నాలుగు. మామ్మ పొరుగింటికి పోయింది. పొట్టంగి వైపు నుంచి వచ్చే, దేశియా మాట్లాడే కొండ ముసలమ్మ దగ్గర సంతలో కొన్న జీడిగింజలు కొత్తవి, నిండా పాలు మీద ఉన్నాయి. ఒకటి తీశాను. గుర్తు పెట్టాల్సింది చొక్కా కింది అంచున. నేను కాలరు లోపల, మెడ ఆనే చోట పెట్టాను. చిన్న గుర్తు కాదు, సూదితో అటూ ఇటూ గీశాను. సున్నం అద్దలేదు. మడత పెట్టి గురువారం నేనే తీసుకెళ్లి ఆ ఇంట్లో ఇచ్చి వచ్చాను. ఆయన భార్య నాకు బెల్లంముక్క పెట్టింది. తిన్నాను కూడా.

శనివారం మేనేజరు బంగళా వరండాలో కూర్చుని పనివాళ్ల గోడు వినే రోజు. మామ్మ ఆ మూట నెత్తిన పెట్టుకుంది. నన్నూ చిన్నాన్ననూ వెంట రమ్మంది. చిన్నాన్న గేటు దగ్గరే ఆగిపోయాడు. కెప్టెను కూడా అక్కడే, మేనేజరు కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. మూట ఇచ్చేటప్పుడూ పుచ్చుకునేటప్పుడూ ఇంటివాళ్ల ముందు బట్టలు పరిచి చూపించాలి. మామ్మ అదే చేసింది. వరండా మీద జెర్సీలు వరసగా పరిచింది. పదకొండు జెర్సీలు కోరాపుట్ ఎర్రమట్టి ఎండి అట్టలు కట్టి ఉన్నాయి. పన్నెండోది చిన్నాన్న గుర్తు ఉన్నది. నాలుగు మడతల మీద, ఇస్త్రీ గీత చెదరకుండా, మధ్యలో మామ్మ వేసిన తెల్లకుట్టు అలాగే ఉంది.

"ఈ గుడ్డ ఇప్పినోడు లేడు బాబూ" అంది మామ్మ. "ఇప్పకుండా మా గుంటడు ఎలాగ ఆడేడో మీరే అడగండి."

ఆవిడ అన్నది సగం ఒడియా, సగం మన మాట. అయినా మేనేజరుకు అర్థమైంది. ఆయన కుర్చీలోంచి లేచాడు. వంగి ఆ దారం మీద వేలు పెట్టాడు. బురద జెర్సీలను చూశాడు, మడత జెర్సీని చూశాడు. తర్వాత కెప్టెను వైపు తిరిగాడు. కెప్టెను ముఖం పాలిపోయింది, అది నేను చూశాను. ఇన్నేళ్లలో దానికంటే అందమైనది నేను చూడలేదు.

మామ్మ శనివారం దాకా ఎందుకు ఆగమందో నాకు అప్పుడు తెలిసింది. తెలిసిన క్షణంలోనే కెప్టెను మెడ వైపు చూశాను.

కెప్టెను మెడకు తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. అది తీశాడు. కాలరు ఆనే మేరంతా పొక్కులు, నీరు కారుతున్నాయి. చెవుల కిందకు పాకాయి. "సూడండి సార్" అన్నాడు. "ఈళ్లు నాకు ఇసం పెట్టేరు. ఇసం పెట్టినోళ్లకి కుట్టు కొత్తగా ఎయ్యడం ఎంత పని?"

మేనేజరు ఆ జెర్సీ మీద నుంచి చేయి చటుక్కున తీసేశాడు. అది కూడా కాలుస్తుందేమో అన్నట్టు, పంచెకు తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఆయన జెర్సీ వైపు చూడనే లేదు. ఎవరు చేశారు ఇది అని అడిగాడు.

నేను నోరు తెరిచాను. మామ్మ చేయి వచ్చి నా భుజం మీద పడింది. ఇస్త్రీపెట్టె మోసిన చేయి, బరువుగా నొక్కింది.

"నానే బాబూ. ముసిల్దాన్ని, సున్నం మరిసిపోనాను" అంది.

అరవై ఏళ్లుగా జీడిగుర్తులు పెట్టిన మనిషి. సున్నం మరిచిపోయాను అని నలుగురిలో చెప్పుకోవడమంటే మా వాళ్లలో అంతకంటే పరువు తక్కువ లేదు. చిన్నాన్న ఉద్యోగం మీద ఆశ అక్కడితో పోయింది. కాలనీ బట్టలు ఆ సాయంత్రానికే పోయాయి. మామ్మ పదకొండు జెర్సీలు వరండా మీదే వదిలేసి, పన్నెండోది చంకలో పెట్టుకుని మెట్లు దిగింది. ఎవరూ అడగలేదు.

దారిలో దెబ్బలు పడతాయనుకున్నాను. మామ్మ కొట్టలేదు. రైలుగేటు దగ్గర ఆగినప్పుడు మాత్రం అంది. "పగ పట్టడం తప్పని నాను అనను. పగ కూడా మురికిగుడ్డే అమ్మీ. నానకుండా బాదేవంటే గుడ్డ సిరుగుద్ది, మరక ఉండిపోద్ది."

చిన్నాన్న నెలలోపే విజయనగరం వైపు బస్తాలు మోసే పనికి వెళ్లిపోయాడు. చూసి ఉంచిన పిల్లను వేరేవాళ్లకు ఇచ్చారు.

మామ్మ మాత్రం నానబెట్టింది. మా వాళ్లలో ఒక కట్టుబాటు ఉంది, ఒకరు తగువు పడి వదిలిన ఇంటిని ఆ తగువు తీరేదాకా ఇంకొకరు పట్టకూడదు. కాలనీలో మిగతా ఇళ్లు వేరేవాళ్లకు వెళ్లాయి, కెప్టెను ఇల్లు ఎవరూ పట్టలేదు. రాయగడలో ఒక్కరూ పట్టలేదు. ఆయన భార్య కుళాయి దగ్గర బాదుకునేది. తెల్లచొక్కాలు పసుపెక్కాయి, కాలర్లు నల్లబడ్డాయి. ఆ చొక్కాలతోనే గ్రౌండులో నిలబడి జట్టును అరుస్తుంటే కుర్రాళ్లు నవ్వుకునేవాళ్లు. నేను పనిగట్టుకుని కంచె దాకా వెళ్లి చూసి వచ్చేదాన్ని. మరుసటి వానాకాలం జట్టు మొదటి ఆటలోనే ఓడింది. నాకు కడుపు నిండింది.

ఆ వానాకాలంలోనే కెప్టెను కూతురు పెద్దమనిషి అయింది. ఆ మైలబట్ట చాకలి తీసుకుపోయి ఉతికి తెస్తేనే పిల్లకు స్నానం, పేరంటం. ఎవరూ రాలేదు. మూడో రోజు ఆయనే మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"సెప్పేను కదా బాబూ, మరిసిపోతాను నాను" అంది మామ్మ లోపలినుంచే. "మీకు గుర్తున్నది గ్రౌండులో సెప్పండి. జట్టంతా ఇనాల."

ఆయన చెప్పాడు. ఆ సాయంత్రమే, ఆటగాళ్లందరి ముందూ. నేను దింపలేదు, వాడు తాగలేదు అన్నాడు. అక్కడ నేనూ ఉన్నాను. కానీ ఆ మేనేజరు అప్పటికే బదిలీ మీద కలకత్తా వెళ్లిపోయాడు. కొత్తాయనకు మా చిన్నాన్న ఎవరో తెలియదు. కబురు పంపిస్తే చిన్నాన్న "ఇప్పుడేటికి" అన్నాడట. ఆయన మళ్లీ బంతి ముట్టలేదు.

మామ్మ ఆ పిల్ల మైలబట్ట తెచ్చి, తన చేత్తో రేవులో ఉతికింది. నేను వద్దని ఏడ్చాను. ఆ పిల్లగుంట ఏటి సేసింది అంది. మామ్మ లెక్కలో తగువు తీరిపోయింది.

నా లెక్కలో తీరలేదు. నా పగ ఆ కెప్టెను మీద సగం, నా మీద సగం. నేను మూడు రోజులు ఆగి ఉంటే, మేనేజరు వేలు ఆ దారం మీద ఇంకొక్క నిమిషం ఉండేది. అప్పటినుంచి నాలో పుట్టిన ఏ పగనూ పచ్చిగా తీర్చుకోలేదు. నానబెడతాను. కొన్ని నానబెట్టగానే మరక వదిలేశాయి. ఇది వదల్లేదు. అక్షరాలు నేర్చుకున్నది దేనికని ఇప్పుడు నేనుండే కాలనీలో అడుగుతుంటారు, నవ్వి ఊరుకుంటాను.

ఆయన పేరు రాయను. ఆ ఇంటి జీడిగుర్తు రాస్తాను. అడ్డగీత, దాని కింద రెండు చుక్కలు. ఆ ఇంటివాళ్లు ఎవరన్నా ఇది చదివితే, పెట్టె అడుగున తాతగారి చొక్కా ఉంటే, కింది అంచు తిరగేసి చూసుకోండి.

ఎర్ర జెర్సీ నా పెట్టెలో ఉంది. రంగు వెలిసి ఇటుకపొడిలా అయింది. మడతల దగ్గర బట్ట చివికింది. మా మామ్మ వేసిన కుట్టు మాత్రం తెగలేదు.