వంటింట్లోంచి గుద్దించిన కార్లు

సైకిలు తొక్కడం కూడా రాని నేను, మా వంటింట్లో నిలబడి, ఒక్క దెబ్బకు కార్ల మందనే ఒకదాని మీదికొకటి ఎక్కించాను. ఎవరి ఒంటికీ చిన్న గీత కూడా పడలేదు కాబట్టి ఇప్పుడు మీకు నవ్వుతూ చెబుతున్నాను. ఆ ఘడియలో మాత్రం నవ్వే ధైర్యం మా ఇంట్లో గోడమీది బల్లికి కూడా లేదు.

అప్పట్లో మా ధర్మవరంలో ఇంటర్నెట్ రావాలంటే టెలిఫోను తీగే దిక్కు. ఆ తీగ కాసేపు కీచుమని, కాసేపు గురకపెట్టి, బాగా బతిమాలించుకున్నాక గానీ కంప్యూటరుకు బయటి లోకాన్ని చూపించేది కాదు. మా తమ్ముడు శ్రీధర పట్టుచీరల అంచులకు డిజైన్లు గీయడానికి కంప్యూటరు కొన్నాడు. దాని మీద హంసలూ మామిడి పిందెలూ గీసి, పని తీరగానే బల్లకు ఒక స్టీరింగు బిగించి, కింద బ్రేకు పెట్టుకుని, ఎక్కడెక్కడి వాళ్ళతోనో కార్ల పందేలు ఆడేవాడు.

ఆ ఆదివారం పందెం మాత్రం ఆషామాషీది కాదు. అందులో మొదటి ఇద్దరినీ మద్రాసు దగ్గరికి పిలిపించి నిజం రేసు కారు నడపనిస్తారట. మా వంశంలో మగ్గం తొక్కినవాళ్ళే తప్ప కారు తొక్కినవాడు లేడు. వాడికి కంచం ముందు కూర్చున్నా కాలు ఆగడం లేదు, బ్రేకు వేస్తూనే ఉంది.

"అక్కా, రేసయ్యేదాకా ఈ హాల్లో ఫోను ముట్టొద్దు. లైను తెగిందంటే నా కత ముగిసినట్టే."

"ముట్టనులేరా."

ముట్టలేదు కూడా. వంటింట్లోదాన్ని ఎత్తాను! ఫోన్లు రెండు కనిపిస్తుంటే లైన్లూ రెండేననుకున్నాను. నాయన నాకు ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు గానీ, గోడలో తీగలు ఎట్లా పోతాయో దిద్దించలేదు.

ఎందుకు ఎత్తానంటారా? కొత్త బండికి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి పూజ చేయించనిదే మేం వీధి దాటనివ్వం. వీడు ఏకంగా పందేనికి పోతుంటే అర్చన లేకుండానా? నరసింహస్వామి గుడి పూజారికి ఒక్క మాట చెబుదామని రిసీవరు చెవికి పెట్టుకున్నాను. రేకు డబ్బాలో కీచురాళ్ళను పోసి ఊపినట్టు ఒకటే రొద. ఠక్కున పెట్టేశాను.

గదిలోంచి కేక. "పాయ! లైను పాయ!"

పరుగెత్తాను. "ఏమైందిరా?"

"పందేనికి ముందు ఒక చుట్టు తిరిగి టైము చూపించల్ల అక్కా. సగంలో కట్టయింది. ఇప్పుడు అందరికంటే ఎనకాల నిలబడల్ల."

"ఎవురో దిష్టి పెట్టినారు," అన్నాడు నాయన.

నాకూ అదే అనిపించింది. ఇక అర్చన వాయిదా వేస్తే పాపం గదా! వాడు లైను మళ్ళీ కలిపాడు, అసలు పందెం మొదలైంది. "ఇద్దర్ని దాటినా! ఇంకొకడు పాయ! మూడోవాణ్ణి నాయనా, మూడోవాణ్ణి!" అని శ్రీధర అరుస్తున్నాడు. నేను కళ్ళకద్దుకుని మళ్ళీ వంటింటి ఫోను ఎత్తాను. ఈసారి కీచురాళ్ళకు లొంగలేదు. "హలో, స్వామీ, హలో" అని వాటితోనే కాసేపు మాట్లాడాను. అవి చప్పబడ్డాయి. నా భక్తికి తల వంచాయనుకుని, పెట్టి మళ్ళీ ఎత్తి నంబరు తిప్పాను.

"స్వామీ, అర్జెంటుగా అర్చన చేయల్ల. కారు పందెం."

"కారెప్పుడు కొంటిరమ్మా?"

"కొనలేదు స్వామీ. కంప్యూటర్లో ఉండాది."

"డ్రైవరు యాడుండాడు?"

"మా గదిలో."

"మరి కారు?"

"అదీ ఆ గదిలోనే."

పూజారి గొంతు జాలిగా మారింది. "అమ్మా, ఎండలు జాస్తిగా ఉండాయి. మజ్జిగ తాగితివా?"

నేను జవాబు చెప్పేలోపల వెనకనుంచి ఒక చేయి వచ్చి ఫోనును నొక్కేసింది. శ్రీధర! నేత ముగిసిన చీరను మగ్గం మీదే ఎలుకలు కొరికేస్తే చూసిన నేతగాడిలా ఉన్నాడు.

"అక్కా, ఎవురితో మాట్లాడతాండావు?"

"నీ కోసమేరా, స్వామితో..."

"ఇది ఎత్తితే ఆ లైను పోతాది గదక్కా! రెండూ ఒకటే తీగ!"

"నువ్వు హాల్లోది గదా ముట్టొద్దంటివి!"

తిట్టి ఉంటే బాగుండేది. వాడు తిట్టకుండా పొయ్యి పక్కన చతికిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది. రెండుసార్లు వాడి లైను తెంచిన దిష్టి నేనేనని అప్పటికి గానీ తెలియలేదు.

ఇంతలో ఫోను మోగింది. బెంగళూరు నుంచి వాడితో పందెం ఆడుతున్న స్నేహితుడు. వింటూ వింటూ శ్రీధర లేచి నిలబడ్డాడు. లైను తెగగానే వీడి కారు మిగతా వాళ్ళకు మాయం కాలేదట. మలుపు మధ్యలో నిలబడి, పూనకం వచ్చినట్టు ఇటూ అటూ గెంతిందట. వెనక వస్తున్న కార్లన్నీ దాన్ని తప్పించబోయి ఒకదాన్నొకటి గుద్దుకున్నాయట.

"మళ్ళీ మొదట్నుంచి పెడతారంట! నన్నూ రమ్మంటాండారు!"

ముందు వంటింటి ఫోను తీగ పీకేశాడు. తర్వాత నా చేయి పట్టుకుని తీసుకుపోయి పక్కన స్టూలు మీద కూర్చోబెట్టాడు. "ఈడే కూచో. చేతులు ఒళ్ళో పెట్టుకో. దేవుణ్ణి మనసులోనే పిలువు."

పిలిచాను. ఆ పిలుపుకు ఏ తీగా అడ్డం రాలేదు. వాడు చివర్నుంచి బయల్దేరి, ఒక్కొక్కరినే దాటి, రెండోవాడుగా గీత దాటాడు. నాయన తువ్వాలు గాల్లోకి విసిరాడు. నేను కూర్చున్నచోటే దండం పెట్టాను.

ఇంటర్నెట్ ఆపగానే ఫోను మోగింది. పూజారి.

"లైను కట్టయింది గానీ అమ్మా, నేను అర్చన ఆపలేదు. డ్రైవరు పేరు చెప్పకపోతివి. ఫోను చేసినావని నీ పేరునే చేసినా. ఏ ప్రమాదమూ లేకుండా గట్టెక్కల్లని."

పూజారి మాట నేను చెప్పగానే శ్రీధర పొట్ట పట్టుకుని నవ్వాడు. "బాగా పని చేసింది అక్కా! అందుకే నువ్వు నా చేతిలో తన్నులు తప్పించుకుంటివి!"

నిజమే. ఆ రోజు నిజంగా ప్రమాదం దాటింది నేనే. అందుకే చెంపలేసుకుని, దీపం సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో స్వామికి ఏం విన్నవించుకోవాలన్నా నేరుగానే విన్నవించుకుంటాను, టెలిఫోను శాఖను మధ్యవర్తిగా పెట్టను.